ఉడకబెట్టిన గుడ్డు పెంకు తీస్తుంటే సగం గుడ్డు పెంకుతోనే పోతోంది, ఎవరైనా చెప్పండి బాబూ

భీమవరం_బుల్లెమ్మ
నిన్న మా ఇంట్లో జరిగింది చెప్తాను, నవ్వితే నవ్వండి గానీ నవ్వడం అయ్యాక ఉపాయం కూడా చెప్పండి. మా ఆడపడుచు వాళ్ళు పిల్లా పాపలతో 11 మంది వస్తున్నారని కోడిగుడ్డు పులుసు పెడదామనుకున్నాను, 24 గుడ్లు. మా ఆయన పొద్దున్నే బండేసుకుని ఫారంకెళ్ళి ఓ అట్ట తెచ్చారు, ఆ పూట పెట్టిన గుడ్లే, ఇంకా వెచ్చగా ఉన్నాయండి. బజార్లో నిలవ గుడ్లు మనకెందుకు అని ఒకటే గొప్ప. తపేలాలో పేర్చి చన్నీళ్ళు పోసి ఉప్పేసి పొయ్యి మీద పెట్టాను, సరిగ్గా ఉడకలేదంటారేమోనని భయంతో మరుగుతున్న నీళ్ళలో 20 నిమిషాలు ఉంచేశాను. ఇంక పెంకు తియ్యడం మొదలెడితే చూడాలి నా అవస్థ, పెంకుతో పాటు తెల్లసొన పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చేస్తోంది. 24 లో నున్నగా వచ్చినవి మూడంటే మూడు, మిగతావన్నీ ఎలక కొట్టిన కొబ్బరి బొండాల్లా ఉన్నాయి. లోపల కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ చార. మా అత్తగారు ప్లేటు వంక చూసి "ఇవి నువ్వు వలిచావా, కోడే వచ్చి మళ్ళీ పొడిచిందా" అన్నారు, అందరి ముందూ. నేనెక్కడ తప్పు చేశాను?

తణుకు_తమ్ముడు
ముందు మీ అత్తగారికి ఓ దండం అక్కా. ఆవిడ గోదారి నీళ్ళు గట్టిగా తాగినట్టున్నారు.
ఉప్పు సరిపోలేదేమో, గుప్పెడు వెయ్యాలి.

భీమవరం_బుల్లెమ్మ
గుప్పెడే వేశాను తమ్ముడూ. ఇంకా వేస్తే ఉప్పుచేప అవుతుంది.

కాకినాడ_కాజా
ఉప్పూ గిప్పూ ఏం అక్కర్లేదు. కుక్కర్లో గుడ్లు పెట్టి, అర గ్లాసు నీళ్ళు పోసి రెండు విజిల్సు, అంతే. 15 ఏళ్ళ నించీ ఇదే చేస్తున్నాను, పెంకు చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది.

మండపేట_మామయ్య
మేమూ చేశాం కుక్కర్లో. మూడు పగిలి తెల్లసొన అంతా బైటికొచ్చేసి కుక్కరు లోపల అట్టు వేసినట్టు అంటుకుంది, ఇంట్లో రెండ్రోజులు నీచు వాసన. మా ఆవిడ ఆ కుక్కర్లో పప్పు పెట్టనంది.

అనపర్తి_లేయర్
దొంగ దొరికాడు బుల్లెమ్మ గారూ. ఉప్పు కాదు నీళ్ళు కాదు, మీ ఆయనే.

మాది లేయర్ ఫారం, నాన్నగారి టైము నించీ ఇదే పని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను. ఆ పూట పెట్టిన గుడ్డుని ఉడకబెట్టడమంత బుద్ధి తక్కువ పని ఇంకోటి లేదు, ఆమ్లెట్టుకి, బుల్స్ ఐకి అది బంగారం, ఉడకబెట్టడానికి మాత్రం పనికిరాదు. ఎందుకంటే అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, పెంకుకి కంటికి కనపడని సన్న రంధ్రాలు వేలల్లో ఉంటాయి కదా, రోజులు గడిచే కొద్దీ వాటిలోంచి ఆ గాలి బైటికి పోతుంది. పోయే కొద్దీ తెల్లసొన క్షారం వైపు తిరుగుతుంది, మొదట్లో పీహెచ్ 8 లోపు ఉండేది కొన్నాళ్ళకి 9 దాటుతుంది. అప్పుడు పెంకు లోపలి పొరకి తెల్లసొన అంత గట్టిగా అతుక్కోదు. ఇంకోటి ఏంటంటే గుడ్డు లోపల తేమ కూడా కొంచెం కొంచెం ఆవిరవుతుంది, లావు కొన దగ్గర గాలి అర పెద్దదవుతుంది, అక్కడ వేలు పెడితే వలవడానికి పట్టు దొరుకుతుంది.

మా షెడ్డులో రోజూ వేల గుడ్లు దొర్లుతుంటాయా, మా అమ్మ మాత్రం పులుసుకి కావాలంటే వారం కిందటి అట్ట వెతికి తెప్పిస్తుంది. మన జిల్లాల గుడ్లు లారీలెక్కి బెంగాలు, అస్సాం పోతాయి చూశారూ, దారిలో అన్ని రోజులు పడతాయి కాబట్టి మన గుడ్డుని నున్నగా వలుచుకునే యోగం వాళ్ళకే ఉంది.

భీమవరం_బుల్లెమ్మ
ఈ పోస్టు మా ఆయనకి చూపించాను. "అంటే ఇప్పుడు ఫ్రెష్షువి తేవడం కూడా తప్పేనా" అని అలిగి అరుగు మీద కూచున్నారు.

గోదారిగట్టు
నాకిది మింగుడు పడట్లేదు. చేప తాజాదే కావాలి, కూర తాజాదే కావాలి, గుడ్డు మాత్రం మురగబెట్టి తినాలా? ఫారాల వాళ్ళు ఇలాగే చెప్తారు, నిలవ సరుకు అమ్ముకోవాలిగా.

అనపర్తి_లేయర్
బాబూ గోదారిగట్టూ, నాకు నిలవుంటే నష్టం, లాభం కాదు. నెక్ వాళ్ళు, అదే జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ, రోజూ వంద గుడ్లకి రేటిస్తారు, ఎండాకాలంలో, కార్తీక మాసంలో ఆ రేటు చూస్తే మాకు నిద్ర పట్టదు. 1982లో ఆ కమిటీ పెట్టకముందు దళారీ ఏ రేటు చెప్తే ఆ రేటుకి ఇచ్చేసేవాళ్ళమని మా నాన్న ఇప్పటికీ చెప్తారు. అదలా ఉంచండి. మురగబెట్టమని ఎవరన్నారు, నాలుగైదు రోజులు ఆగమన్నాను. అనుమానముంటే చెంబులో నీళ్ళు పోసి గుడ్డు వెయ్యండి. అడుగున అడ్డంగా పడుకుంటే కొత్తది. అడుగునే ఉండి నిలబడితే కాస్త పాతది, ఉడకబెట్టడానికి అదే మేలు. పైకి తేలిందా, పెంట మీదకి విసిరెయ్యండి.

పులస_పిచ్చోడు
చేప తాజాదే కావాలన్న అన్నకి చిన్న మాట. పులస పులుసు మర్నాడు తింటేనే కదా రుచి. గుడ్డుకి మాత్రం నాలుగు రోజులు ఇవ్వలేమా.

గోదారిగట్టు
పులస మాటెత్తితే నేను నోరు మూసుకుంటాను.

రిటైర్డ్_సైన్సు_మాస్టారు
లేయర్ గారు చెప్పింది సగం. రెండో సగం నీళ్ళలో ఉంది.

బుల్లెమ్మ గారు చన్నీళ్ళలో పెట్టి పొయ్యి వెలిగించారు, తప్పు అక్కడ కూడా జరిగింది. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక గట్టిపడటం మొదలెడుతుంది, పచ్చసొన 65 నించి 70 మధ్యలో, తెల్లసొన పూర్తిగా బిగియాలంటే 80 దాకా రావాలి. చన్నీళ్ళతో పాటు గుడ్డు మెల్లగా వేడెక్కితే తెల్లసొన పొరని పట్టుకునే గట్టిపడుతుంది. అదే మరుగుతున్న నీళ్ళలో దించామనుకోండి, బైటి అంచు ఒక్కసారిగా బిగుసుకుని పొరని వదిలేసి లోపలికి ముడుచుకుంటుంది. ఆవిరి మీద పెట్టినా అంతే. కాజా గారి కుక్కరు కూడా అందుకే పని చేస్తోంది, ఆవిడ 15 ఏళ్ళ అనుభవాన్ని కొట్టిపారేయడానికి లేదు.

కానీ రెండు విజిల్సు ఎక్కువ. ఆ ఆకుపచ్చ చార చూశారూ, అది అతిగా ఉడకడం వల్ల వచ్చేదే. తెల్లసొనలో గంధకం ఉంది, వేడి ఎక్కువైతే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారి లోపలికి పోయి పచ్చసొనలో ఉన్న ఇనుముతో కలుస్తుంది, అదే ఆ చార. కుళ్ళిన గుడ్డు వాసన అంటామే, ఆ వాయువే. తింటే ఏమీ కాదు, చూడ్డానికే బాగోదు, పచ్చసొన కూడా పిండి పిండిగా గొంతుకి అడ్డం పడుతుంది.

మన ఫారం గుడ్డు 50 నించి 55 గ్రాములు ఉంటుంది, దానికి మరిగే నీళ్ళలో 11 నించి 12 నిమిషాలు చాలు. పచ్చసొన మధ్యలో కాస్త మెత్తగా కావాలంటే 9. ఆ వెంటనే చన్నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే పొయ్యి ఆపినా లోపల ఉడుకుతూనే ఉంటుంది. బడిలో ఈ పాఠం చెప్పినప్పుడు గుడ్డు తెచ్చి చూపించేవాణ్ణి, పాఠం అయ్యాక గుడ్డు మాత్రం కనపడేది కాదు.

కాకినాడ_కాజా
థాంక్యూ మాస్టారూ. మండపేట మామయ్య గారు చదివారా? ఇక నించి ఒక్క విజిలే.

మండపేట_మామయ్య
చదివాం. కుక్కరు కడిగింది మీరైతే తెలిసేది.

అమలాపురం_అల్లుడు
మరిగే నీళ్ళలో వేస్తే టప్పుమని పగిలిపోతున్నాయి మాస్టారూ, దానికేంటి?

రిటైర్డ్_సైన్సు_మాస్టారు
ఫ్రిజ్జులోంచి తీసి నేరుగా వేస్తే పగులుతుంది నాయనా. అరగంట ముందు బైట పెట్టు, మంట కాస్త తగ్గించు, పైనించి పడెయ్యకుండా గరిటెతో అడుగుదాకా దించు. లావు కొన మీద గుండుసూదితో ఒక చిల్లు పెడితే లోపలి గాలి బుడగలుగా పోతుంది. ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్తాను, ఉప్పు పెంకు వలవడానికి పెద్దగా పనికిరాదు, పగులు వచ్చినప్పుడు కారే తెల్లసొన తొందరగా గడ్డకట్టి పగులు మూసుకోవడానికి పనికొస్తుంది. వెనిగరూ అంతే.

బడివంట_భ్రమరాంబ
మీరందరూ పది గుడ్లకీ ఇరవై గుడ్లకీ ఇంత చర్చ చేస్తున్నారు, నేను బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతాను, 180 మంది పిల్లలు. వలవలేకపోతే నా బతుకేమైపోవాలి.

మా పద్ధతి చెప్తాను. పెద్ద డేక్సాలో నీళ్ళు తెర్లనిస్తాం, గుడ్లు జల్లి బుట్టలో పెట్టి బుట్టతో సహా దించేస్తాం, ఒక్కొక్కటీ దించుతూ కూచుంటే మొదటిది ఉడికి చివరిది పచ్చిగా ఉంటుంది. అన్ని గుడ్లు పడేసరికి తెర్లే నీళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ తెర్లడం మొదలయ్యాకే టైము లెక్కపెట్టాలి, ఇది ఎవరూ చెప్పలేదు ఇక్కడ. దించాక వేడి నీళ్ళు ఒంపేసి, ఖాళీ గిన్నెలో గుడ్లుండగానే గిన్నెని అటూ ఇటూ ఊపుతాం, పెంకులన్నీ ఒకదానికొకటి తగిలి బీటలిస్తాయి. అప్పుడు బోరు నీళ్ళు పోసి వదిలెయ్యాలి. బీటల్లోంచి నీళ్ళు పొర కిందకి దిగుతాయి, ఇంక లావు కొన దగ్గర నొక్కి లాగితే టోపీ ఊడినట్టు వచ్చేస్తుంది. ఇద్దరం కూచుంటే కబుర్లు చెప్పుకునేలోపు అయిపోతాయి.

గుడ్డు గుంటలు పడితే పిల్లలు తీసుకోరండీ. "ఆంటీ ఇది ఎవరో కొరికేశారు" అంటారు. కూర బాగోకపోయినా ఊరుకుంటారు గానీ గుడ్డు దగ్గర ఊరుకోరు.

తణుకు_తమ్ముడు
భ్రమరాంబ గారి పోస్టుకి వంద లైకులు కొట్టాలి, బటను ఒక్కసారే పని చేస్తోంది.

బెంగళూరు_లంకవాసి
మాది లంకల గన్నవరం దగ్గర, ఉద్యోగం బెంగళూరులో, ఒక్కణ్ణే ఉంటాను. అమ్మ ఇడ్లీ పాత్ర ఇచ్చి పంపింది, ఇంతవరకు ఇడ్లీ వెయ్యలేదు గానీ గుడ్లు మాత్రం అందులోనే. ఇడ్లీ గుంటలో ఒక్కో గుడ్డు అచ్చు కొలిచి చేసినట్టు కూచుంటుంది, దొర్లదు, పగలదు. నీళ్ళు మరిగి ఆవిరి వచ్చాక రేకులు దించి మూత పెట్టి 13 నిమిషాలు. ఇంటికొచ్చినప్పుడు ఇలాగే చేస్తే అమ్మ "గుడ్లు పెట్టిన పాత్రలో నేను ఇడ్లీ ఎలా పెట్టను" అని గొడవ, రేకులు చింతపండు వేసి తోమించింది నా చేత.

ఇంకోటి గమనించాను మాస్టారూ, ఊళ్ళో 11 నిమిషాలకి అయ్యేది ఇక్కడ 12 దాటాలి. నా గడియారం తప్పా?

రిటైర్డ్_సైన్సు_మాస్టారు
గడియారం కాదు నాయనా, ఊరు ఎత్తు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మన డెల్టా అంతా సముద్రంతో సమానంగా ఉంది కాబట్టి మనకి నూటికి నూరు.

పులస_పిచ్చోడు
నూటికి నూరు వచ్చింది మన జిల్లాకి ఇందులోనే అనుకుంటా.

ముమ్మిడివరం_మంగతాయారు
ఫారం గుడ్ల గురించే మాట్లాడుతున్నారు, నాటుకోడి గుడ్లు సంగతి చెప్పరే. మా పెరట్లో నాలుగు పెట్టలున్నాయి, గుడ్డు చిన్నది, రెండు నిమిషాలు ముందే తీసేస్తాను. వలవడం మాత్రం దీంతోనే కష్టం, పొర దళసరి అనిపిస్తుంది నాకు. ఇంట్లో గుడ్డు కాబట్టి ఎప్పుడూ తాజాదే ఉంటుంది, లేయర్ గారు చెప్పాక ఇప్పుడర్థమైంది.

ఇక బాతు గుడ్డు. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు చూడండి, అప్పుడు వాళ్ళ దగ్గర కొంటాం. అది పెద్దది, మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, తెల్లసొన కొంచెం సాగుతుంది. గట్టిగా ఉడకబెట్టాల్సిందే, మెత్తగా తినకూడదని మా అమ్మమ్మ అనేది. రుచి చెప్పక్కర్లేదు, మావిడికాయ వేసి పులుసు పెడితే.

గోదారిగట్టు
బాతు గుడ్డు నీచు.

ముమ్మిడివరం_మంగతాయారు
మీకు అన్నీ నీచే. మీ పాటికి మీరు పులస తినండి.

అమలాపురం_అల్లుడు
సంక్రాంతి ముందు మా మావయ్య పందెం కోడికి రోజూ ఉడకబెట్టిన గుడ్డు పెడతాడు, తెల్లసొన నున్నగా లేకపోతే కోడి చిన్నబుచ్చుకుంటుందని ఆయనే స్వయంగా వలుస్తాడు. నాకు మాత్రం అల్లుడినైనా వలవని గుడ్డు ప్లేట్లో పెట్టారు.

తణుకు_తమ్ముడు
నువ్వు బరిలో దిగుతావా బావా? దిగవు. మరి?

మండపేట_మామయ్య
మొత్తానికి కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటే ఏంటో ఈ చర్చ చదివితే తెలుస్తుంది.

కాకినాడ_కాజా
ఈకలు కాదు మామయ్య గారూ, పెంకులు.

తణుకు_తమ్ముడు
మాటలెందుకని ఇవాళ నేనే చేసి చూశాను, ఆదివారం కదా పనేం లేదు. ఒకే కొట్లో కొన్న గుడ్లు 12. ఆరు చన్నీళ్ళతో మొదలెట్టాను, ఆరు మరిగే నీళ్ళలో దించాను, అన్నీ చివర్న చన్నీళ్ళలో పది నిమిషాలు. చన్నీళ్ళ బ్యాచిలో నున్నగా వచ్చినవి రెండు. మరిగే నీళ్ళ బ్యాచిలో అయిదు, ఆరోది గరిటె జారి నేనే పగలగొట్టాను కాబట్టి అది నా ఖాతా. ఉప్పు దేంట్లోనూ వెయ్యలేదు, నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు సమస్య ఏంటంటే ఈ 12 గుడ్లు ఎవరు తినాలి.

బడివంట_భ్రమరాంబ
వలిచినవి ఇవాళే తినెయ్యి బాబూ. పెంకుతో ఉన్నవైతే ఫ్రిజ్జులో వారం దాకా ఉంటాయి. ఈ ఎండల్లో బైట మాత్రం రెండు గంటలకి మించి ఉంచకు. పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డే తొందరగా పాడవుతుంది, చాలామంది తిరగేసి అనుకుంటారు.

బెంగళూరు_లంకవాసి
బిర్యానీ మీద సగానికి కోసి పెట్టినప్పుడు పచ్చసొన ఒక పక్కకి పోయి తెల్లసొన పల్చగా చిరిగిపోతోంది, దానికేమైనా ఉందా?

అనపర్తి_లేయర్
అట్టలో సన్న కొన కిందకి పెట్టి ఉంచు. నీళ్ళలో వేశాక మొదటి రెండు నిమిషాలు గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉండు, నడిమికొస్తుంది. గుడ్డు మరీ పాతదైతే తిప్పినా రాదు, పచ్చసొనని పట్టి ఉంచే తెల్లసొన పల్చబడిపోతుంది. అందుకే నాలుగైదు రోజులన్నాను గానీ నెల అనలేదు, గోదారిగట్టు గారు వింటున్నారా.

గోదారిగట్టు
వింటున్నాను. నిన్న అయిదు రోజుల గుడ్లు వలిచాను. బానే వచ్చాయి. ఇంతకంటే ఒప్పుకోను.

భీమవరం_బుల్లెమ్మ
మళ్ళీ వచ్చానండీ, రిజల్టు చెప్పాలిగా. మా ఆయన అలక తీరి మళ్ళీ అట్ట తెచ్చారు, ఆరు రోజులు వంటింటి గూట్లో ఉంచాను. ఇవాళ తెర్లే నీళ్ళలో భ్రమరాంబ గారు చెప్పినట్టు కూరగాయల బుట్టతో దించి, మళ్ళీ తెర్లాక 11 నిమిషాలు, ఒంపేసి గిన్నె ఊపి చన్నీళ్ళు. 24 లో 22 పాలరాయిలా వచ్చాయి. చార లేదు, పచ్చసొన నారింజ పండులా ఉంది. నాలుగు వైపులా గాట్లు పెట్టి, పసుపూ కారం వేసి నూనెలో ఎర్రగా వేయించి పులుసులో వేశాను. ఆడపడుచుని మళ్ళీ పిలిచాను, కావాలనే.

అందరూ మెచ్చుకున్నారు. మా అత్తగారు రెండు గుడ్లు తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "చూడ్డానికి బానే ఉన్నాయి గానీ మొన్న గుంటలు పడ్డాయి చూడు, ఆ గుంటల్లోకి పులుసు బాగా పట్టిందే" అన్నారు.

పులస_పిచ్చోడు
అయ్య బాబోయ్.

తణుకు_తమ్ముడు
ఆవిణ్ణి వెంటనే మెంబరుగా చేర్పించండి అక్కా, మేమందరం ట్యూషనుకొస్తాం.

రిటైర్డ్_సైన్సు_మాస్టారు
శాస్త్రీయంగా చూస్తే ఆవిడ మాట కూడా నిజమే. ఉపరితలం పెరిగింది కదా.

భీమవరం_బుల్లెమ్మ
మాస్టారూ, మీరు కూడానా.

ముమ్మిడివరం_మంగతాయారు
అదంతా సరే, పులుసులో బెల్లం వేశారా?

భీమవరం_బుల్లెమ్మ
చిన్న ముక్క.

గోదారిగట్టు
కోడిగుడ్డు పులుసులో బెల్లమా?? ఎవరండీ వేసేది?

కాకినాడ_కాజా
మేం వేస్తాం. ఏం?